రేడియేటర్ల తెల్లనీళ్లు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. ఇది నేను ఒప్పుకున్న మాట కాదు, మా ఇంటామె దినాం చెప్పే మాట. పానా దొరకకపోతే కోపం, దొరికినంక ఇంతసేపు యాడ సచ్చిందని కోపం. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి నాదర్‌గుల్ దిక్కు పోయే తొవ్వల, ఒక సందుల, నాకు కార్లు బాగుచేసే షెడ్డు ఉన్నది. పెట్టి ఇరవై ఏండ్లయింది. గిరాకి బాగనే ఉంటది. ఇంత తిట్టినా మళ్ల నా కాడికే ఒస్తున్నరంటే నా పని మంచిగుందని నేను అనుకుంట. మా ఇంటామె మాత్రం, "ఆ సందుల ఇంకో షెడ్డు లేదు గదా, గందుకే" అంటది.

షెడ్డు తీసేది నేను కాదు, మా నాయిన. షట్టర్ తాళం చెవి ఒక్కటే ఉన్నది, అది ఆయన మొలతాడుకు కట్టి ఉంటది. పొద్దుగాల ఆరున్నరకు సైదాబాద్‌ల ఇంట్లకెల్లి బయటపడి, ఆటోల దిల్‌సుఖ్‌నగర్ దాంక ఒచ్చి, అక్కడ మెట్రో ఎక్కుతడు. సీటు ఖాళీ ఉన్నా కూసోడు. తలుపు అద్దం కాడ నిలబడి కింద రోడ్డును చూసుకుంట పోతడు. "ముప్పై ఐదేండ్లు కిందికెల్లి పోయిన, ఇప్పుడు పైకెల్లి పోతున్న" అని పక్కనున్నోళ్లకు చెప్తడు. వాళ్లు చెవులల్ల ఏవో పెట్టుకొని ఉంటరు, వినబడకపోయినా తల ఊపుతరు. ఆయనకు గంతే చాలు.

నేను తొమ్మిదింటికి పోయేసరికి షెడ్ల నీళ్లు చల్లి ఉంటది, అగర్‌బత్తి కాలుతుంటది, ఆయన టైర్ల కుప్ప మీద కూసొని పేపర్ చదువుతుంటడు. నాదర్‌గుల్ల విమానాలు నేర్పే మైదానం ఉన్నది గదా, అక్కడికెల్లి లేచిన చిన్న విమానాలు దినమంతా మా షెడ్డు మీదికెల్లే తిరుగుతయి. ఒక్కటి పోయిందో లేదో మా నాయిన పేపర్ దించి చెవి పెడ్తడు. "దీనికి ఒక ప్లగ్గు కొడ్తలేదు" అంటడు. పైకి పోయి చూసొచ్చినట్టే చెప్తడు. ఎవరం కాదంటం?

ఆయన లారీ డ్రైవర్. మామిడిపండ్లు, బత్తాయిలు ఏ ఊర్లకెల్లో నింపుకొని ఒచ్చి గడ్డిఅన్నారం మార్కెట్ల దించుడే ఆయన బతుకు. చేతులు వణుకుడు మొదలైనంక స్టీరింగ్ వదిలిపెట్టిండు గాని మార్కెట్ వదలలే. పొద్దుగాల చాయ్ తాగుడు అక్కడనే, పాత డ్రైవర్లతోని ముచ్చట్లు అక్కడనే. మార్కెట్ అక్కడికెల్లి లేచిపోయినంక దోస్తులు చెట్టుకొకరు పుట్టకొకరు అయిండ్రు. ఒక పది దినాలు ఇంట్లనే ఉన్నడు. పది దినాలల్ల గడ్డం గీసుకునుడు మానేసిండు. ఒకరోజు మా ఇంటామెను, "ఇయ్యాల ఏం వారం బిడ్డా?" అని అడిగిండు. ఆమె ఆ మాట నాకు చెప్పేటప్పుడు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. తెల్లారి బండి మీద ఎక్కించుకొని షెడ్డుకు తెచ్చిన, షట్టర్ తాళం చెవి చేతుల పెట్టిన. గట్ల ఆయన మళ్ల మనిషైండు.

మొదట్ల అన్ని పనుల చెయ్యి పెడ్తుండె. ఆయిల్ మార్చుడు, గాలి కొట్టుడు, బోల్టులు బిగించుడు. అయితే ఈ యేడు ఎండకాలంల ఒక కారుకు ఆయిల్ మార్చి, కింద నట్టు చేతితోని తిప్పి వదిలేసిండు, పానాతోని బిగించుడు మర్చిపోయిండు. ఆ కారు దిల్‌సుఖ్‌నగర్ దాంక ఆయిల్ కార్చుకుంట పోయి ఆగింది. ఇంజిన్ బతికిందంటే ఆ గిరాకి అదృష్టం. నేను ఐదుగురి ముందు మా నాయినను తిట్టిన. తిట్టి, అన్ని పనులు గుంజుకున్న. ఒక్కటే మిగిల్చిన: పొద్దుగాల ఒచ్చిన బండ్లకు నీళ్లు చూసుడు. రేడియేటర్ల కూలెంట్ తక్కువుంటే పోసుడు, గంతే. "ఇంకొక్క తప్పు జరిగిందా, ఇగ ఇంట్లనే కూసో నాయినా, షెడ్డు మొఖం చూడొద్దు" అని గూడ అన్న. ఆ దినం సంది ఆయన బండ్ల చుట్టు తిరిగేటప్పుడు చేతులు ఎనుకకు కట్టుకొని తిరుగుడు నేర్చుకున్నడు.

ఇగ లెక్కల సారు సంగతి. దిల్‌సుఖ్‌నగర్ల ఒక కోచింగ్ సెంటర్ల లెక్కలు చెప్తడు. కోస్తా దిక్కు మనిషి, ఇక్కడికొచ్చి పాతికేండ్లయినా మాట మాత్రం అక్కడిదే. ఆయన దగ్గర పద్నాలుగేండ్ల పాత పెట్రోల్ కారు ఉన్నది. దాన్ని ఆయన చూసుకునే తీరు చూస్తే నవ్వొస్తది. ఆదివారం ఆదివారం బానెట్ తీసి తుడుస్తడు, నీళ్లు తనే పోస్తడు, చిన్న సప్పుడైనా నా కాడికి ఒచ్చి నోటితోని ఆ సప్పుడు చేసి చూపిస్తడు. బ్రేకులు, ఆయిలు అన్ని చూసి సర్వీసు చేసి పంపిన. ఆరు దినాలకు, ఒక శనివారం పొద్దుగాల, మళ్ల ఒచ్చి షెడ్డు ముంగట ఆపిండు.

"ఏమయ్యా, ఇందులో ఎవరో టీ పోశారు చూడు" అన్నడు.

బానెట్ లేపి చూసిన. కూలెంట్ డబ్బల నీళ్లు పాలెక్కువైన చాయ్ రంగుల ఉన్నయి. పచ్చగ ఉండాల్సిన నీళ్లు. గుడ్డ కప్పి మెల్లగ రేడియేటర్ మూత తీస్తే లోపల గూడ అదే. మూత కింద జిడ్డు. నేను రెండో మాట ఆలోచించలే.

"హెడ్ గ్యాస్కెట్ పోయింది సారు."

"అంటే?"

"ఇంజిన్ల ఆయిల్ తొవ్వ వేరే, నీళ్ల తొవ్వ వేరే. పక్కపక్కనే పోతయి. నడుమల ఒక పల్చటి రేకు ఉంటది, గదే గ్యాస్కెట్. అది పోతే ఆయిల్ ఒచ్చి నీళ్లల్ల పడ్తది, గిట్ల తెల్లగైతది. ఇంజిన్ విప్పాలె."

సారు మొఖం చిన్నబోయింది. స్టూలు గుంజుకొని కూసున్నడు. "విప్పాలా? పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా విప్పలేదయ్యా. విప్పాల్సిందే అయితే అమ్మేస్తాను. మా ఆవిడ ఎప్పట్నుంచో కొత్తది కొనమంటోంది." కొత్తది కొనాలన్న మాట అంత దుఃఖంతోని చెప్పిన మనిషిని నేను యాడ చూడలే.

గప్పుడు మా నాయిన టైర్ల మీదికెల్లి లేచిండు. "కొడుకా, జర నా మాట..."

"నువ్వు ఊకో నాయినా. గిరాకితోని మాట్లాడుతున్న గదా!"

ఆయన ఊకున్నడు. సారు మాత్రం ఊకోలే. కండ్లద్దాలు తీసి, తుడుచుకొని, మళ్ల పెట్టుకున్నడు. "అది గ్యాస్కెట్టే అని నీకు తెలుసా, అనుకుంటున్నావా?"

"సారు, ఇరవై ఏండ్ల సంది ఇదే పని. మొఖం చూసి చెప్త."

"నా దగ్గర పిల్లలు కూడా ఇంతే. లెక్క చూడంగానే జవాబు రాసేస్తారు. జవాబు ఒక్కటే రాస్తే నేను మార్కులెయ్యను. స్టెప్పులు చూపించు." వాచీ చూసుకున్నడు. "నాకు క్లాసులున్నాయి, నాలుగింటికొస్తాను. స్టెప్పులన్నీ నీ జవాబుకే తీసుకెళ్తే, అప్పుడు విప్పుదువుగాని."

ఆయన అటు పోంగనే నాకు మండింది. నాకే స్టెప్పులు చెప్తడా! సరే, చూపిస్త, ముక్కు మీద గుద్దినట్టు చూపిస్త అనుకున్న. అన్ని పనులు పక్కకు పెట్టి ఆ కారు మీద పడ్డ.

మొదలు ఆయిల్ ఎంతున్నదో చూసే పుల్ల గుంజిన. గ్యాస్కెట్ పోతే ఆయిల్ల గూడ నీళ్లు కలిసి వెన్న లెక్క తేలాలె, లేకపోతే నీళ్లల్లకు పోయినంత ఆయిల్ ఇక్కడ తగ్గన్న తగ్గాలె. రెండూ లేవు. ఆరు దినాల కింద నేను పోసిన ఆయిల్, పోసిన గీత కాడనే, తేనె లెక్క మెరుస్తున్నది. ఆయిల్ పోసే మూత తిప్పి కింద చూసిన. శుభ్రంగ ఉన్నది. "చల్, ఇంకా మొదలే గదా" అనుకున్న.

ఇంజిన్ సల్లబడ్డంక రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసిన. సిలిండర్ల కెల్లి నీళ్లల్లకు సందు పడితే పొగ ఒచ్చి బుడగలు తేలుతయి. పది నిమిషాలు వంగి చూసిన, నడుము నొచ్చింది గాని బుడగ రాలే. ఎనుక పైపుల తెల్ల పొగ లేదు. నీలం మందు పోసిన గాజు గొట్టం ఒకటి ఉంటది, దాన్ని రేడియేటర్ మూతి మీద పెట్టి గాలి గుంజితే, నీళ్లల్ల ఇంజిన్ పొగ ఉంటే ఆ మందు పసుపు రంగుకు మారుతది. గుంజిన. మళ్ల గుంజిన. మందు ఉన్నది ఉన్నట్టు నీలంగనే ఉన్నది. మందు పాతదైందని దాన్ని తిట్టి, పక్క సందుల దుకాణంల కొత్త సీసా తెచ్చి మళ్ల గుంజిన. నీలమే.

మధ్యాహ్నమైంది. మా నాయిన డబ్బ విప్పిండు. పప్పు, వంకాయ కూర, ఆయనకు పానం. రెండు ముద్దలు తిని మూత పెట్టిండు. నేను చూసిన గాని పట్టించుకోలే. ఒక విమానం షెడ్డు మీదికెల్లి దడదడమనుకుంట పోయింది, ఆయన తల గూడ ఎత్తలే. గది గూడ చూసిన. నా కండ్లు బాగనే పనిచేస్తయి, బుద్ధే జర ఎనుకకు నడుస్తది.

చేతి పంపు తెచ్చి రేడియేటర్ మూతికి బిగించి గాలి ఎక్కిచ్చిన. లోపల యాడన్న సందుంటే పంపు మీటర్ల ముల్లు దిగుతది. ముల్లు మీద కన్ను పెట్టి నిమిషాలు లెక్కపెడ్తున్న, గప్పుడే ఎనుకకెల్లి మా నాయిన గొంతు.

"కొడుకా, గా నీళ్లు..."

"నాయినా, దండం పెడ్త! లెక్క తప్పుతది. జర అవతలికి పో."

అవతలికి పోయిండు. పావుగంట చూసిన, ముల్లు కదలలే. ప్లగ్గులు నాలుగు విప్పిన, నాలుగూ పొడిగ, ఒక్క తీరుగ ఉన్నయి. కొన్ని బండ్లల్ల ఆయిల్ను సల్లబరిచే డబ్బ ఒకటి వేరే ఉంటది, అది పగిలినా గిట్లనే అయితది. ఈ బండికి ఆ డబ్బనే లేదు. ఆటోమేటిక్ గేరు అయితే అక్కడికెల్లి గూడ ఆయిల్ రావొచ్చు. ఇది చేత్తోని వేసే గేరు. ఇగ ఆయిల్ నీళ్లల్లకు ఒచ్చే తొవ్వ ఒక్కటి గూడ మిగలలే. అన్ని తలుపులకు తాళాలున్నయి, ఇంట్ల మాత్రం దొంగ ఉన్నడు.

స్టూలు మీద కూలబడ్డ. పొద్దుగాల ఒక సీసల ఆ తెల్లనీళ్లు పట్టి కిటికీల పెట్టిన, అది యాదికొచ్చింది. ఇంజిన్ ఆయిల్ అయితే ఇంతసేపు కదలకుండ పెడితే పైకి తేలి నల్లటి పొర కట్టాలె. నూనె, నీళ్లు కలువయి గదా, చిన్నపిల్లలకు గూడ తెలుసు. సీస ఎత్తి ఎండకు పెట్టి చూసిన. పొర లేదు. పైనకెల్లి కింది దాంక ఒక్క తీరుగ, చిక్కగ, తెల్లగ ఉన్నది. గప్పుడు నాకు మొదటిసారి అనుమానమొచ్చింది. ఇది లోపలికెల్లి ఒచ్చింది కాదు. నీళ్లల్ల కలువాలనే తయారుచేసిన నూనె. ఎవరో పైకెల్లి పోసిండ్రు.

రెండు వేళ్లు ముంచి రుద్దిన. నలుపు అంటలే. ముక్కు కాడ పెట్టుకున్న.

ఆ వాసన నాకు తెలుసు. ఏందన్నది నోటికి రాలే గాని ఒళ్లుకు తెలిసింది. నాకు ఏడెనిమిదేండ్లుంటయి. ఎండకాలం సెలవులల్ల మా నాయిన నన్ను లారీల ఎక్కించుకొని పోతుండె. ఎనుక మామిడిపండ్లు, ముంగట నేను. యాడనో తొవ్వల బండి ఆపి, ముంగటి మూత విప్పి, నీళ్లు పోసినంక సీటు కిందికెల్లి ఒక సీస తీసి చాయ్ గిలాసల సగం పోసి రేడియేటర్ల ఒంపుతుండె. లోపలున్న నీళ్లు చిటికెల తెల్లగైతుండె. "బండికి పాలు పోస్తున్నవా నాయినా?" అని అడిగిన నేను. "ఆ, మరి? మనకొక్కరికేనా ఆకలి?" అన్నడు. నేను చానా దినాలు లారీలు పాలు తాగుతయనే అనుకున్న. బడిల చెప్తే అందరు నవ్విండ్రు, నేను కొట్లాడిన.

లేత్ మిషన్ల ఇనుము కోసేటప్పుడు పోసే నూనె అది. నీళ్లల్ల పోస్తే పాల లెక్క అయితది. పాతకాలం లారీ డ్రైవర్లు లోపల తుప్పు పట్టొద్దని, పంపు అరగొద్దని రేడియేటర్ల కొద్దిగ పోసుకునేటోళ్లు. ఇప్పుడు కూలెంట్లొచ్చినయి, ఎవరూ పొయ్యరు. ఈ తరం మెకానిక్కులకు పేరు గూడ తెల్వదు. మా షెడ్డుకు రెండు షట్టర్లవతల లేత్ షాపు ఉన్నది.

తల తిప్పి చూసిన. మా నాయిన టైర్ల మీద కూసొని నన్నే చూస్తుండు. నేను వేళ్లు వాసన చూసుడు ఆయన చూసిండు. ఇద్దరికీ సంగతి తెలిసిపోయింది.

"లేత్ షాపులదేనా?" అన్న.

"ఆ."

"ఎంత పోసినవ్?"

"చాయ్ గిలాసల సగం. ఎప్పటి లెక్కనే." జర ఆగి అన్నడు, "సర్వీసుకొచ్చిన దినం చూసిన కొడుకా. నీళ్లు ఎర్రగున్నయి. లోపల తుప్పు తింటుంది. సారు బండిని అంత పానంగ చూసుకుంటడు గదా అని పోసిన. ముప్పై ఐదేండ్లు నా బండి రేడియేటర్ ఒక్కసారన్న చిల్లు పడలే."

"మరి పొద్దుగాల్నే చెప్పొద్దా! ఇంజిన్ విప్పుతా అంటుంటే గూడ చెప్పవా?" నా గొంతు లేచింది.

"చెప్పబోయిన. ఊకో అన్నవ్."

నేను సీసను మళ్ల కిటికీల పెట్టిన.

"మళ్ల చెప్పబోయిన. అవతలికి పొమ్మన్నవ్. మూడోసారి నాకే నోరు రాలే. చెప్తే ఇంట్ల కూసోమంటవ్ గదా అని బుగులైంది." ఇంత చెప్పి లేచిండు. మొలతాడు కాడ చెయ్యి పెట్టి చానాసేపు ముడి విప్పుకున్నడు. ముడి రాలే. నేను పోయి విప్పాలె, పోలే. ఎట్లనో విప్పి, తాళం చెవి బల్ల మీద నా పానాల పక్కన పెట్టిండు. "నువ్వు అన్నదే నిజం. ఇంకొక్క తప్పు అన్నవ్, అయింది. రేపటి సంది రాను" అన్నడు.

నాకు కోపం రావాలె. ఎప్పటి లెక్కనే ఒచ్చింది గూడ, గొంతు దాంక ఒచ్చింది. ఎవరి మీద పడాల్నో తెలువక అక్కడనే నిలబడ్డది. ఆయన చేసింది తప్పే. నన్ను అడగకుండ గిరాకి బండిల పోసుడు తప్పే. అయితే ఒక్క చూపుల ఇంజిన్ విప్పుతానన్నోని తప్పు ఎంత? చెప్పొచ్చిన మనిషి నోరు రెండుసార్లు మూయిచ్చినోని తప్పు ఎంత? సిగ్గుతోని నా చెవులు కాలినయి. పెద్దమనిషి సొంత కొడుక్కు ఒక మాట చెప్పనీకి బుగులుపడుడేంది!

నాలుగింటికి సారు ఒచ్చిండు. నేను అబద్ధం చెప్పొచ్చు. పైపు ముక్క ఒకటి మార్చిన అంటే నమ్ముతడు. మా నాయిన మూలకు నిలబడి నేల చూస్తుండు.

"సారు, నేను పొద్దుగాల చెప్పింది తప్పు" అన్న. ఇరవై ఏండ్లల గిరాకి ముందు ఆ మాట అనుడు నాకదే మొదలు. "గ్యాస్కెట్ మంచిగుంది. ఇంజిన్ విప్పేది లేదు. నీళ్లల్ల తుప్పు చూసి, మా నాయిన పాతకాలం లారీల మందు పోసిండు. నన్ను అడగలే, అది ఆయన తప్పు. పొద్దుగాల్నే చెప్పబోతే నేను ఊకోమన్న, అది నాది. దానికీ కూలెంట్‌కూ పడదు. మొత్తం తీసేసి కడిగిస్త." ఆయిల్ పుల్ల కాడికెల్లి సీస దాంక అన్ని స్టెప్పులు వరుసగ చూపించిన.

సారు అన్ని చూసిండు. సీస ఎండకు పెట్టి గూడ చూసిండు. "జవాబు తప్పు రాసి, స్టెప్పులన్నీ కరెక్టుగా చేసినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానయ్యా" అన్నడు. నాకు నవ్వాల్నో, కోపానికి రావాల్నో తెలువలే.

రేడియేటర్ కింద తొట్టి పెట్టి నీళ్లు వదిలిన. మొదలు తెల్లగొచ్చినయి. సబ్బు మందు పోసి, ఇంజిన్ తిప్పి, మళ్ల వదిలినంక ఎర్రగొచ్చినయి, ఇటుక రంగుల, తుప్పు పెళ్లలతోని సహా. సారు ముక్కు మీద వేలు పెట్టుకున్నడు. "ఇంత తుప్పా? నేను మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లే పోస్తున్నానండీ ఇన్నాళ్లూ." నాతోని కాదు, మా నాయినతోని అన్నడు, అండీ అని. "సర్వీసులో ఇతను చూడలేదు, మీరు చూశారు. నాకూ సున్నా మార్కులే."

"మాఫ్ చెయ్యుండ్రి సారు" అన్నడు మా నాయిన. సారు ఆయన చెయ్యి పట్టుకొని ఊపిండు. కొత్త కారు కొనే బాధ తప్పినందుకు ఆ మనిషి పోయేటప్పుడు బానెట్‌ను ఒకసారి నిమిరి ఎక్కిండు.

మాపు ఇంటికి పోయేటప్పుడు మా నాయిన బండి మీద నా ఎనుక కూసున్నడు. సారీ అనుడు మా ఇంట్ల ఎవరికి రాదు, నాకైతే అసలే రాదు. అన్నం తిని ఆయన పండుకున్నంక, పొద్దుగాల పేపర్ చదివేటప్పుడు పెట్టుకునే అద్దాల డబ్బ తెరిచి, తాళం చెవి అందుల పెట్టిన.

తెల్లారి ఆదివారం. మా షెడ్డుకు అన్నిటికన్న ఎక్కువ గిరాకి ఒచ్చే దినం. పొద్దుగాల ఆయన లేవకముందే సామాన్ల కోసం బయటపడి, అటుకెల్లే తొమ్మిదింటికి షెడ్డుకు పోయిన. షట్టర్ బంద్ ఉన్నది. ముంగట మూడు కార్లు నిలబడ్డయి, మూడు కార్లోళ్లు నన్నే చూస్తుండ్రు. ఇంటికి ఫోన్ కొట్టిన. మా ఇంటామె ఎత్తింది.

"నాయిన ఏం చేస్తుండు?"

"పొద్దుగాల పేపర్ కాడ అద్దాల డబ్బ తెరిచిండు. తాళం చెవి చూసిండు. అప్పటి సంది తానం చేసి, గడ్డం గీసుకొని, ఉతికిన అంగి తొడుక్కొని, చెప్పులు గూడ ఏసుకొని కుర్చీల కూసున్నడు. ఎటు పోతలేడు. ఫోన్ దిక్కే చూస్తుండు."

"ఆయనకియ్యి."

ఆయన ఫోన్ చెవికి పెట్టుకున్నడు, ఊపిరి వినబడ్డది. నేను మంచిగ మాట్లాడాలనే అనుకున్న. నోట్లకెల్లి మాత్రం ఎప్పటిదే ఒచ్చింది. "నాయినా, తొమ్మిది దాటింది! మూడు బండ్లు ఎండల నిలబడ్డయి. ఉన్న ఒక్క తాళం చెవి నీ కాడ పెట్టుకొని ఇంట్ల కూసుంటే ఎట్ల?"

"ఒస్తున్న, ఒస్తున్న" అన్నడు. ఫోన్ పెట్టక ముందే ఆటోను పిలుచుడు వినబడ్డది.

ముప్పావుగంటల ఒచ్చిండు. సందు మొదట్ల కనబడ్డడు, దబదబ నడుస్తుండు. ఎవరితోని మాట్లాడలే, షట్టర్ తీసిండు, నీళ్లు చల్లిండు, అగర్‌బత్తి ముట్టిచ్చిండు. మొదటి కారు కాడికి పోయి బానెట్ లేపిండు, కూలెంట్ డబ్బల తొంగి చూసిండు. తక్కువున్నట్టుంది. అల్మారాల రెండు రంగుల డబ్బాలుంటయి, రెండూ చెరొక చేతుల పట్టుకొని ఒచ్చి, మూత తీయకుండ, నా దిక్కు తిరిగిండు.

"కొడుకా, దీనికి పచ్చదా, ఎర్రదా?"

నాకు నడపుడు నేర్పింది ఆయన. పానా పట్టుడు నేర్పింది ఆయన. బండి గురించి నన్ను ఒక మాట అడుగుడు మాత్రం నా బతుకుల అదే మొదలు.

"పచ్చది నాయినా" అన్న. ఎప్పటి లెక్క గట్టిగనే అందామనుకున్న గాని, మెల్లగనే ఒచ్చింది.